నాయిన బస్సు తిరిగిన చౌరస్తా

మా నాయిన సిటీ బస్సు కండక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్ళలో ఎక్కువ భాగం పాతబస్తీ రూట్లలోనే గడిచింది. అఫ్జల్‌గంజ్‌లో సగం బస్సు దిగిపోయేది, అంతకు రెట్టింపు ఎక్కేది. నయాపూల్ మీద మూసీ వాసన. మదీనా చౌరస్తా దాటాక బస్సు నడిచేది కాదు, పాకేది. దసరా సెలవుల్లో అమ్మ ప్రాణం తీసి ఒప్పించుకుని నేను ఆయన వెంట డ్యూటీకి పోయేదాన్ని. కండక్టరు సీట్లో నన్ను కూర్చోబెట్టి, తాను జనం మధ్య నలుగుతూ టికెట్లు కొట్టేవాడు.

నాకు అన్నిటికంటే ఇష్టం మచిలీ కమాన్ దగ్గరి ఘట్టం. ఆ కమాను కింద బస్సు ఒక్కటే పడుతుంది. ఎదురుగా రిక్షానో తోపుడు బండో దూరిందంటే డ్రైవరు ఇంజను ఆపేసేవాడు. నాయిన విజిల్ నోట్లో పెట్టుకుని దిగేవాడు. బండిని వెనక్కి లాగించి, అడ్డంగా పెట్టిన సైకిల్‌ను తానే ఎత్తి గోడకు ఆనించి, అటు నలుగురిని ఇటు నలుగురిని సర్దితే అప్పుడు బస్సు కదిలేది. గుల్జార్ హౌజ్‌లో మళ్ళీ అదే తంతు, చార్మినార్ కమాన్ కింద మళ్ళీ అదే. చివరికి చార్మినార్ దగ్గరికొచ్చి గానుగెద్దులా చుట్టూ తిరిగి యునానీ దవాఖానా వైపు ఆగేది.

"రోజుకు ఎన్నిసార్లు తిరుగుతనో లెక్కలేదు బిడ్డా. తలకాయెత్తి ఎప్పుడన్న చూసిన్నా అంటే చూడలే" అనేవాడు. చూసే తీరిక ఎక్కడిది? కళ్ళు ఎప్పుడూ ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లల కాళ్ళ మీద ఉండేవి.

మా ఇల్లు లాల్‌దర్వాజాలో. అమ్మతో బజారుకు పోయినప్పుడు నాకు వేరే చార్మినార్ కనపడేది. గాజులమ్మే లాడ్ బజార్ మూల నుంచి అవతలికి దాటాలంటే అమ్మ నా చెయ్యి పట్టుకునేది కాదు, మణికట్టు పట్టుకునేది. వేళ్ళు పట్టుకుంటే జారిపోతానని భయం. ఆటోలు, బస్సులు, స్కూటర్లు, వాటి మధ్య నుంచి ఈదుకుంటూ వచ్చే తోపుడు బండ్లు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నన్ను లాక్కుంటూ, "చూడకు, నడువు" అనేది. నాయిన చూడలేదు, అమ్మ చూడనివ్వలేదు. పదేళ్ళొచ్చేదాకా చార్మినార్ నాకు నల్లటి గోడలు, పొగ, హారన్లు. అసలు రంగు నలుపేనేమో అనుకునేదాన్ని. అది సున్నపు పనితనమని, దాని మీద పేరుకున్నది మా బస్సుల పొగేనని తర్వాత ఎప్పుడో తెలిసింది.

ఇంకా పెద్దయ్యాక చదివితే తెలిసిందేమంటే, మేము ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటిన ఆ చోటు అసలు పుట్టిందే మనుషులు నిలబడటానికని. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. కొత్త నగరానికి నమూనా గీసినవాడు మీర్ మోమిన్ అస్త్రాబాదీ. రెండు పెద్ద రోడ్లు ఒకదాన్నొకటి కోసుకునే చోట ఒక్కో పక్క 20 మీటర్ల కట్టడం, నాలుగు దిక్కులకూ నాలుగు కమాన్లు. కొద్ది దూరంలో ఉత్తరాన జిలూఖానా అనే పెద్ద మైదానం, దానికి నాలుగు వైపులా మళ్ళీ నాలుగు కమాన్లు, మధ్యలో నీళ్ళ హౌజ్. ఆ హౌజే ఇప్పటి గుల్జార్ హౌజ్. రాజు కొలువుకు పోయేవాళ్ళు ఆగే ముంగిలి అది. నాయిన దిగి సైకిళ్ళు జరిపింది ఆ ముంగిట్లోనే. 1889లో చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టారు. డ్యూటీ మీద ఉన్న మా నాయిన చార్మినార్‌లో చూసింది ఏదైనా ఉందంటే ఆ గడియారం ఒక్కటే. ట్రిప్పు ఆలస్యమైతే రాసుకోవాలి కదా.

వాహనాలు లేని చార్మినార్ ఎలా ఉంటుందో మాకు తెలియక కాదు. ఏడాదిలో కొన్ని రోజులు కనపడేది. బోనాలప్పుడు ఏనుగు మీద ఘటం ఊరేగింపు పాతబస్తీ వీధుల గుండా చార్మినార్ ముందు నుంచి నయాపూల్ వైపు సాగేది. ఆ పూట బస్సులు బంద్. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం అనే పీరు, అదీ ఏనుగు మీదే, చార్మినార్ ముందు నుంచే వచ్చేది. ఇక రంజాన్ చివరి రాత్రులంటే తెల్లారేదాకా బజారే. ఆ రోజుల్లో అమ్మ నా మణికట్టు వదిలేసేది. ముందు పరిగెత్తి మళ్ళీ వెనక్కొచ్చేదాన్ని. నేల కనపడేది. చౌరస్తా ఇంత పెద్దదా అని ఏటా కొత్తగా ఆశ్చర్యం. మర్నాడు పొద్దున బస్సులొచ్చేసరికి మళ్ళీ ఇరుకైపోయేది.

అందుకే, చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపేసి నడక దారి చేస్తారట అన్న మాట మొదటిసారి విన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది అమ్మ. నాయిన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి బస్సు ఏడ తిరగాలె?" అన్నాడు. అప్పుడు నాకు కోపమొచ్చింది. అడ్డమైనదానికీ బస్సే గుర్తొస్తుందేంటి అనుకున్నాను. ఆ ప్రశ్న ఎంత సరైనదో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. బస్సు లోపలికి రాకపోతే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ యునానీ దవాఖానాకు ఎలా రావాలి? ఫలక్‌నుమా నుంచి పనికొచ్చే మనిషి ఎక్కడ దిగాలి? చౌరస్తాను ఖాళీ చేసే ముందు తేల్చుకోవలసింది ఇదే. పక్క గల్లీల్లో బదులు రోడ్లు సిద్ధం చేయకుండా మధ్యలో దారి మూస్తే రద్దీ తగ్గదు, పక్క గల్లీల గొంతు మీదికి పోతుంది. మొఘల్‌పురా వైపు గల్లీల్లో ఇళ్ళున్న మా చుట్టాలు దాన్ని రోజూ అనుభవించారు.

పని మాత్రం ఏళ్ళకేళ్ళు సాగింది. తవ్వడం, ఆపడం, మళ్ళీ తవ్వడం. మురుగు పైపులు, కరెంటు కేబుళ్ళు, టెలిఫోన్ వైర్లు, ఎప్పటివో నీళ్ళ గొట్టాలు, అన్నీ ఒకదాని మీద ఒకటి. పారతో ఎక్కడ పొడిచినా ఏదో ఒకటి తెగేది. దుకాణాల వాళ్ళు సరుకు మీద దుమ్ము పడకుండా పాత చీరలు కప్పేవారు. అమ్మకు గాజులమ్మే చాచా అప్పట్లోనే మూడు చోట్లు మారాడు. మొదట చార్మినార్ పక్కనే, తర్వాత లాడ్ బజార్ మొగదల, ఆ తర్వాత మక్కా మసీదు వైపు. అమ్మ ప్రతిసారీ వెతుక్కుంటూ పోయేది. ఎదురుగా అంత పెద్ద గాజుల బజారు పెట్టుకుని ఆయన బండి కోసం ఈ తిరుగుడేంటమ్మా అని విసుక్కునేదాన్ని. "దుకాణంల వేసుకుంటే చెయ్యి నొస్తది. ఈయన చెయ్యి చూసి సైజు చెప్తడు" అనేది. నిజమే. అమ్మ ఇంకా బండి దగ్గరికి రాకముందే ఆయన డజను తీసి పక్కన పెట్టేవాడు. "దో ఛే కదమ్మా మీది" అనేవాడు. గాజుల కొలతలు అలాగే చెబుతారు. దో చార్, దో ఛే, దో ఆఠ్. మనిషి కొంచెం ఒళ్ళు చేస్తే సైజు మారుతుంది. అమ్మ ఇరవై ఏళ్ళు దో ఛే దగ్గరే ఉంది.

చివరికి నల్ల గ్రానైట్ రాళ్ళు పరిచారు. కొత్త దీపస్తంభాలు నిలబెట్టారు. వాహనాలు దూరకుండా రాతి దిమ్మెలు పాతారు. అక్కడ హారన్లు లేకుండా మొదటిసారి నిలబడిన రోజు నాకు బాగా గుర్తు. కనపడినదాని కంటే వినపడినదే గుర్తు. పావురాలు ఒక్కసారిగా లేచిన చప్పుడు. మక్కా మసీదు నుంచి అజాన్ ఒక్కో మాటా విడివిడిగా. లాడ్ బజార్ మొదట్లో ఎవరో గాజుల తోరణం కొక్కేనికి తగిలిస్తుంటే గలగలమని. ఇన్నేళ్ళూ ఈ చప్పుళ్ళన్నీ ఇక్కడే ఉన్నాయి. వాటి మీద మేము బస్సులు నడిపాం. అమ్మ పక్కనే ఉంది. అలవాటు కొద్దీ నా మణికట్టు పట్టుకునే ఉంది, నాకప్పటికి పెళ్ళయి పిల్లలు కూడా ఉన్నారు.

ఈ మార్పు వద్దనే మనిషిని కాను నేను. 2019 వేసవిలో ఒక మినార్ మీది సున్నపు నగిషీ ముక్క ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నాలుగు వందల ఏళ్ళ కట్టడం. సున్నం, బెల్లం, కరక్కాయ కలిపిన గారతో మళ్ళీ ఓపికగా పూడ్చవలసిన ఒళ్ళు. దాన్ని డీజిలు పొగ నుంచి, బరువు బండ్ల అదురు నుంచి కాపాడి తీరాలి. పురావస్తు చట్టం ప్రకారం ఇలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. అది కఠినమని దుకాణదారులు బాధపడటం విన్నాను. కట్టడం వైపు నుంచి చూస్తే మాత్రం అవసరమే.

నా బాధ వేరే. అదే దారిలో రోజూ చూస్తూ వచ్చిన పత్తర్‌గట్టిని తలుచుకున్నప్పుడల్లా అది పెరుగుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేసింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తీసేసి రోడ్లు వెడల్పు చేశారు. పత్తర్‌గట్టి బజారు అప్పటి పనే. అంటే ఈ దారిని తిరగకట్టడం మనకు కొత్త కాదు, నూరేళ్ళ కిందటే చేశారు. ఎలా చేశారో ఒకసారి మిట్ట మధ్యాహ్నం పోయి నిలబడి చూడండి. రోడ్డుకు రెండు పక్కలా చెక్కిన రాతి కమాన్లు, వాటి వెనక వరండా, వరండా లోపల దుకాణం, దుకాణం మీద గదులు. నడిచేవాడికి ఎండ తగలదు, వానలో తడవడు. సరుకు చూస్తూ నిలబడటానికి చోటుంది. అలిసినవాడు అరుగు మీద కూలబడవచ్చు. కాలేజీ రోజుల్లో బస్సు కోసం ఆ వరండాల్లో నిలబడి నేను ఎన్ని గంటలు గడిపానో. బజారును పక్కకు తోసి అందం తేలేదు వాళ్ళు. బజారుతోనే తెచ్చారు.

అక్కడి నుంచి గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ ముందు పరిచిన నల్ల రాళ్ళ మీదికి మే నెలలో రండి. చెప్పు లోంచి వేడి తగులుతుంది. నీడ లేదు. కూర్చోవడానికి దిమ్మె మీద అర పిర్ర ఆనించాల్సిందే. ఆడవాళ్ళు మరుగుదొడ్డి కోసం ఎంత దూరం పోవాలో అక్కడికి పిల్లలతో వచ్చిన ఏ తల్లినైనా అడగండి. నలుగురూ చూసి ఫొటో తీసుకుని పోవడానికి చోటు సిద్ధమైంది. పూట గడిపే మనిషికి ఇంకా కాలేదు. చౌరస్తాకు నాలుగు చెట్లు, నాలుగు అరుగులు, ఒక కుళాయి పెట్టడం మినార్ మరమ్మతు కంటే పెద్ద పనేం కాదు కదా.

బండ్ల వాళ్ళ సంగతి దానికంటే బరువైనది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. వాళ్ళను లెక్కించాలి, గుర్తింపు పత్రం ఇవ్వాలి, ఎక్కడ అమ్ముకోవాలో చోటు చూపాలి, ఆ నిర్ణయం చేసే కమిటీలో వాళ్ళకూ స్థానం ఉండాలి. అదీ చట్టం. మా గాజుల చాచా చేతిలో ఏ కాగితమూ నేను చూడలేదు. నాలుగోసారి చోటు మారాక ఆయన మాకు కనపడలేదు. అమ్మ రెండు మూడు నెలలు వెతికి, తర్వాత గాజులు కొనడమే తగ్గించింది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. లక్క కరిగించి, నిప్పుల మీద తిప్పి, ఒక్కో అద్దం ముక్కా చేత్తో అతికే ఆ పనికి పేరొచ్చినందుకు సంబరం కలిగింది. వాటిని బండి మీద పెట్టుకుని ఊరి చేతులకు తొడిగిన మనిషికి ఈ చౌరస్తాలో బెత్తెడు గుర్తింపు దొరికి ఉంటే ఇంకా సంబరంగా ఉండేది.

2025 మే 18 గురించి రాయకుండా దాటలేను. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో నిప్పంటుకుని 17 మంది పోయారు. పసిపిల్లలు కూడా ఉన్నారు. కింద దుకాణం, పైన కాపురం, లోపలికి పోయేందుకు ఇరుకు దారి. పత్తర్‌గట్టి చుట్టూ ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో అక్కడ పెరిగినవాళ్ళకు తెలుసు. ఎన్నింట్లో ఆడుకున్నానో నేను. చౌరస్తాను బాగు చేయడమంటే ముఖం కడగడం ఒక్కటే కాదు. ఆ ముఖం వెనకున్న మెట్లు, మీటర్ బోర్డులు, పాత వైర్లు, ఫైరింజను పట్టే దారి, ఇవన్నీ కలిపి చూడాలి. దీపస్తంభాలకు పెట్టిన శ్రద్ధలో సగమైనా వాటికి దక్కాలని ఆ రోజంతా ఏడుస్తూ అనుకున్నాను.

ఇప్పుడు ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చార్మినార్ పక్కగా పాతబస్తీ మెట్రో కడుతున్నారు. దారుషిఫా, షాలిబండ వైపు రోడ్డు కోసం ఇళ్ళు, దుకాణాలు తీసేశారు. నాయిన అడిగిన పాత ప్రశ్నకు చివరికి అదే జవాబు కావచ్చు. చార్మినార్ పేరుతో స్టేషన్ వస్తుందంటున్నారు. దిగాక మిగిలిన దూరం ముసలివాళ్ళు ఎలా నడుస్తారో కూడా ఎవరైనా ఇప్పుడే ఆలోచించాలి.

ఆ దూరం సంగతి నాకు నాయిన వల్లే తెలిసింది.

2021 అక్టోబరు 17న చార్మినార్ దగ్గర ఆదివారం సాయంత్రాలు మొదలుపెట్టారు. 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' అని పేరు. బండ్లు ఆపేసి, చౌరస్తా మొత్తం నడిచేవాళ్ళకే. అప్పటికి అమ్మ పోయి ఏడాది దాటింది. నాయిన ఇల్లు కదలడం మానేశాడు. రెండో ఆదివారమో మూడోదో, బలవంతం చేసి తీసుకెళ్ళాను. ఆటో మదీనా దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి ముప్పావు కిలోమీటరు దగ్గర దగ్గర. ఆయన మోకాళ్ళకు అది నయాపూల్ నుంచి ఫలక్‌నుమా అంత. బ్యాటరీ బండి ఏదీ కనపడలేదు. పత్తర్‌గట్టి వరండాల్లో ఆగుతూ ఆగుతూ నడిచాం. మచిలీ కమాన్ కింద ఆయన చాలాసేపు నిలబడి, రెండు గోడల మధ్య దూరం కళ్ళతో కొలిచాడు.

"గిందులకెల్లి బస్సు ఎట్ల తీసినమే బిడ్డా" అన్నాడు.

చార్మినార్ ముందుకొచ్చేసరికి దీపాలు వేశారు. పిల్లలు పరిగెత్తుతున్నారు. ఎక్కడో బ్యాండు మోగుతోంది. నాయిన అవేవీ చూడలేదు. యునానీ దవాఖానా వైపు నడిచి, అటు మినార్ వైపు, ఇటు దవాఖానా గేటు వైపు చూసుకుంటూ, రెండడుగులు ముందుకేసి ఒక అడుగు వెనక్కి వేసి ఆగిపోయాడు. ఆయన స్టాపు అది. గుర్తుగా బోర్డు లేదు, స్తంభం లేదు. కాళ్ళకు గుర్తుంది. ఆ పక్కనే ఒక కుర్రాడు చెక్క బల్ల మీద గాజులు పెట్టుకుని ఉన్నాడు, పోలీసులు వస్తే ఎత్తుకుపోయేందుకు వీలుగా. నాయిన కాళ్ళు వణకడం నాకంటే ముందు అతనే చూశాడు. తాను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు లేచి తెచ్చి ఆయన వెనక పెట్టాడు.

"బైఠో చాచా" అన్నాడు.

అంత పెద్ద చౌరస్తాలో ఆ రోజు మాకు దొరికిన కూర్చునే చోటు అదొక్కటే. నాయిన కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు. గడియారం మీదుగా, పైన కమాన్ల వరస మీదుగా, మినార్ చివరి దాకా. చాలాసేపు అలాగే ఉన్నాడు. టోపీ లేని తల మీద దీపాల వెలుగు పడుతోంది.

కాసేపటికి తల దించి, కుర్రాడి బల్ల మీది ఎర్ర గాజుల వైపు చెయ్యి చూపించాడు. నా పెళ్ళికి కూడా గాజులు కొనని మనిషి. అవన్నీ అమ్మ పని.

"సైజు ఎంత చాచా? ఎవరికి?" కుర్రాడు నా చేతుల వైపు చూస్తూ అడిగాడు. నాది దో ఆఠ్, చూస్తేనే తెలుస్తుంది.

నాయిన నా వైపు తిరగలేదు.

"దో ఛే" అన్నాడు.

కుర్రాడు నన్ను చూశాడు. ఇచ్చెయ్ అన్నట్టు తల ఊపాను. కాగితంలో చుట్టిన డజను గాజులు రెండు చేతులా పట్టుకుని, మదీనా దాకా ఆయన మళ్ళీ నడిచే వచ్చాడు.